గడ్డపారకు బిందెడు నీళ్ళు

మొన్నటి వేసవిలో ఒక మధ్యాహ్నం, మేముండే అపార్ట్‌మెంట్ వెనుక వాచ్‌మన్ ఒక సిమెంటు మూత పక్కకు జరిపి, కింది ఎర్తింగ్ గుంటలో బకెట్‌తో నీళ్ళు పోస్తూ కనిపించాడు. లిఫ్టు బాగుచేసే మనిషి పోయమన్నాడట. ఎందుకో తనకు తెలియదన్నాడు. కూరగాయల సంచితో అటుగా వెళుతున్నవాణ్ణి ఆగిపోయాను. ఎండిన మట్టీ బొగ్గూ నీటిని పీల్చుకునే సన్నని చప్పుడు, ఆ వెంటనే లేచే ఉప్పు కలిసిన మట్టివాసన నేను ఎక్కడ ఉన్నా గుర్తుపడతాను. ఆ వాసన వెంట నా ముక్కు ఇంకొక వాసనను వెతికింది. వేడెక్కుతున్న పాత రేడియో వాల్వుల మీద దుమ్ము కాలే వాసన అది. ఎంతసేపు నిలబడినా అది రాలేదు.

మాది కురవికి అవతల, పొలాల మధ్య ఉండే చిన్న పల్లె. మా వంశంలో కాలేజీకి వెళ్ళినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి కనుక ఇంట్లో నా మాటకు నా వయసుకు మించిన విలువ ఉండేది. ఆ విలువ ఒక వేసవిలో నన్ను ఎంత తిప్పలు పెట్టిందో చెప్పాలంటే, ముందు మా ఊరి కరెంటు సంగతి చెప్పాలి.

మా ఊరికి కరెంటు నా చిన్నతనంలో రెండు తీగల మీద వచ్చింది. ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకుపోయేది. ఒక ఏడాది గాలిదుమారానికి మా వాడలో ఆ రెండవ తీగ తెగి పడింది. అది మళ్ళీ కట్టేలోగా మా పెద్దవాళ్ళు తమ ఉపాయం తాము కనిపెట్టుకున్నారు. తీసుకుపోయే పనిని భూమికి అప్పగించారు. ప్రతి ఇంటి వెనుకా ఒక ఇనుప కడ్డీని లోతుగా పాతి, చుట్టూ బొగ్గూ దొడ్డుప్పూ వేసి, బల్బు నుంచి వచ్చే తీగను దానికి చుట్టారు. బల్బు వెలిగింది! ఇది ఎంత ప్రమాదకరమైన పనో ఆనాడు మాకు తెలియదు. ఈనాడు ఎవరైనా చేయబోతే చేయి పట్టుకొని ఆపుతాను. మా ఇంట్లో ఆ కడ్డీ మా తాత వాడి వదిలేసిన పాత గడ్డపార. దానికి మా ఇంట్లో పేరు దీపం గడ్డపార.

వానాకాలంలో దానికి ఏ సేవా అక్కరలేదు. ఎండలు ముదిరి నేల ఎండిపోతే మాత్రం బల్బు ఎర్రబడేది. అప్పుడు మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, పొద్దు గూకే వేళ ఒక బిందెడు నీళ్ళు తీసుకొని ఇంటి వెనక్కి వెళ్ళేది. పొలానికీ అంగడికీ ఉత్తకాళ్ళతో తిరిగే మనిషి, ఈ ఒక్క పనికి మాత్రం గోడకు వేలాడే తోలు చెప్పులు తీసి తొడుక్కునేది. ఒకసారి కాళ్ళు జిల్లుమన్నాయట; అప్పటి నుంచి అది ఆమె పెట్టుకున్న నియమం. దూరంగా నిలబడి, గడ్డపార మొదట్లో పడేటట్టు నీళ్ళు విసిరేది. లోపల బల్బు ఎర్రని రంగు విడిచి పసుపు వన్నెకూ, తరువాత తెల్లని వెలుగుకూ వచ్చేది. మేము పిల్లలం చప్పట్లు కొట్టేవాళ్ళం. బిందె మోసే ఓపిక లేని మేము దీపం పెంచడానికి ఇంకొక దగ్గరి దారి కూడా కనిపెట్టాము. వరుసగా నిలబడి లాగులు విప్పుతుండగా అవ్వ చూసింది. ఆ రోజు ఆమె చీపురు పట్టుకొని మమ్మల్ని చెరువు కట్ట దాకా తరిమింది.

అటువంటి పల్లె నుంచి నేను జనగామకు డిగ్రీ చదవడానికి వెళ్ళాను. అంతకు ముందే నాకు రేడియోల పిచ్చి పట్టుకుంది. తొర్రూరులో ఒక మెకానిక్ దుకాణంలో సెలవుల్లో కూర్చొని టంకం పెట్టడం నేర్చుకున్నాను. నేను చేసిన మొదటి రేడియో సబ్బుపెట్టెలో పట్టేది. చెవి దగ్గర పెట్టుకుంటేనే వినబడేది. మాకు భౌతికశాస్త్రం చెప్పే లెక్చరర్ కోస్తా నుంచి వచ్చినవారు. నా యాసకు తరగతిలో ఎవరు నవ్వినా ఆయన ఏనాడూ నవ్వలేదు. రెండవ ఏడు పరీక్షలు ముగిసిన రోజున ఆయన నన్ను ప్రయోగశాల వెనుక సామాన్ల గదికి తీసుకువెళ్ళి, గోనెపట్టా కప్పిన ఒక ఇనుప పెట్టెను చూపించారు. ముందు భాగంలో గుండ్రని గాజు తెర, దాని కింద డజనుకు పైగా తిప్పే మరలు.

"ఇది ఆసిలోస్కోప్. కరెంటు ఎలా కదులుతుందో ఈ తెర మీద గీత గీసి చూపిస్తుంది. నువ్వు ఇంతవరకు రేడియోలను చెవితో బాగుచేశావు. ఇది ఉంటే కళ్ళతో చూస్తావు," అన్నారు.

"పనిచేస్తదా సార్?"

"చేయదు. తూకానికి వేసేయమని కాగితం వచ్చింది. ఈ సెలవులు నీకు గడువు. దీని మీద గీత వచ్చిందా, దాన్ని గ్రాఫ్ కాగితం మీద గీసుకొని రా, యంత్రం నీది. రాలేదా, ఇంత బరువు మళ్ళీ మోసుకురావద్దు. అక్కడే పాత ఇనుము కొనేవాడికి తూచి ఇచ్చి, ఆ చీటీ తీసుకొని రా. కాలేజీ తెరిచిన రోజు నా బల్ల మీద ఈ రెండు కాగితాల్లో ఏదో ఒకటి ఉండాలి."

పుస్తకాల్లో మాత్రమే బొమ్మగా చూసిన వస్తువు, నా రెండు చేతుల్లో!

ప్యాసింజర్ బండిలో దాన్ని ఒడిలో పెట్టుకొని మానుకోట దాకా వెళ్ళాను. తొడలు తిమ్మిరెక్కినా కింద పెట్టబుద్ధి కాలేదు. ఎదుటి బల్ల మీద తాటిముంజల గంపతో కూర్చున్న ఒక పెద్దమ్మ దాన్ని చాలాసేపు పరిశీలించింది.

"ఏంది కొడుకా గిది? బొమ్మలు ఆడే పెట్టెనా?"

"కాదు పెద్దమ్మా. దీంట్ల గీత వస్తది."

"ఒక్కటే గీతనా?"

"ఒక్కటే."

"ఒక్క గీతకు గింత మోసుడా!" అని ఆమె నొచ్చుకొని, నా మీద జాలితో రెండు ముంజలు చేతిలో పెట్టింది.

కురవిలో బస్సు దిగేసరికి నాయిన వచ్చి ఉన్నాడు. పెట్టెను ఒకసారి ఎత్తి చూసి, తువ్వాలను చుట్టకుదురుగా చుట్టి నెత్తి మీద పెట్టుకున్నాడు.

"పగిలేది ఏమన్న ఉన్నదా దీంట్ల?"

"ముందర గాజు ఉన్నది నాయినా."

"అయితె నువ్వు ముందర నడువు. రాళ్ళు చూసి చెప్పుకుంట పో."

ఆ దారంతా నేను రాళ్ళు చెబుతూ, ఆయన వాటిని దాటుతూ ఇల్లు చేరాము.

వెనుక గోడకు ఆనించి ఉన్న చెక్కపెట్టె మీద యంత్రాన్ని నిలబెట్టాము. ఆ గోడ మట్టిగోడ. అడుగున జానెడు ఎత్తు వరకు ఎప్పుడూ చెమ్మగా ఉండేది. అది చూడగానే నా చదువు మేల్కొంది. అవ్వను పిలిచి, పాఠం చెప్పినట్టు చెప్పాను.

"అవ్వా, ఇగ నుంచి ఈ గోడ దిక్కు నీళ్ళు పడొద్దు. తేమ తగిలితె యంత్రం కరాబైతది."

"సుక్క గూడ పడొద్దా?"

"సుక్క గూడ."

అవ్వ "చదువుకున్నోనివి, నీకెరుక," అని వెళ్ళిపోయింది.

మరునాడు పొద్దున్నే మూత విప్పాను. ఆ క్షణాన్ని ఇప్పటికీ మరువలేదు. వెండిపూత పూసిన తలలతో గాజు వాల్వులు బారులు తీరి ఉన్నాయి. మధ్యలో పొడవాటి మెడతో తెర గొట్టం. మైనపు పూత వేసిన రంగురంగుల తీగలు. పాత మైనం, దుమ్ము, ఎండిన బంక కలిసిన ఒక వాసన. అమ్మ తెచ్చి పెట్టిన జొన్న గటక చల్లారిపోయింది. నేను ఒక్కొక్క తీగ వెంట వేలు పోనిచ్చుకుంటూ, ఏది ఎక్కడికి పోతుందో కాగితం మీద గీసుకుంటూ కూర్చున్నాను. మూడవ రోజున దొరికింది! ఒక వాల్వు పగిలి ఉంది. అది కూర్చునే పీట కాళ్ళు తుప్పు పట్టి ఊడిపోయాయి. బస్సెక్కి తొర్రూరు పోయి, మెకానిక్ దగ్గర పాత రేడియోలోని వాల్వు ఒకటి, పీట ఒకటి అడిగి తెచ్చుకున్నాను. కొత్త పీటకు టంకం పెట్టాను. ఇంటిల్లిపాదినీ పిలిచి, స్విచ్చి వేశాను.

పైన బల్బు గురిగింజలా ఎర్రబడింది. యంత్రం లోపల వాల్వులు నిప్పు ఆరిపోతున్న బీడీల్లా మినుకుమన్నాయి. తెర మాత్రం చీకటిగానే ఉంది. ఎంతసేపు చూసినా అంతే.

"వస్తదా?" అంది అవ్వ.

"వస్తది," అన్నాను.

రాలేదు. ఆ రోజు రాలేదు, ఆ వారం రాలేదు. స్విచ్చి వేయగానే బల్బు ఎర్రబడుతున్నది కనుక, యంత్రంలోని ట్రాన్స్‌ఫార్మర్ లోపల కాలిపోయి కరెంటును మింగేస్తున్నదని తీర్మానించాను. దాన్ని విప్పి సంచిలో వేసుకొని మళ్ళీ తొర్రూరు వెళ్ళాను. మెకానిక్ తన మీటరు పెట్టి చూసి, "దీనికేం కాలే తమ్మీ. మీ ఇంట్ల కరెంటు ఎట్లున్నదో చూసుకో," అన్నాడు. మా ఇంట్లో చూసుకోవడానికి నాకు మీటరు లేదు. అంతకన్నా పెద్ద లోటు, అతని మాట మీద నాకు గురి లేకపోవడం. అతను ఏడవ తరగతితో ఆపినవాడు. నేను ట్రాన్స్‌ఫార్మర్ల మీద పరీక్ష రాసి వచ్చినవాణ్ణి.

నాయిన కూడా ఒక రోజు భోజనం దగ్గర అడిగాడు. "అందరి ఇండ్లల్ల దీపాలు తెల్లగనే ఉన్నయి. మనదొక్కటే ఎర్రగైతున్నది ఏంది?"

"యంత్రం లోడు గుంజుతున్నది నాయినా."

"బంద్ జేసినంక గూడనా?"

"లోడు అంటే గట్లనే ఉంటది," అన్నాను. ఆ ఇంగ్లీషు మాట విని ఆయన ఊరుకున్నాడు.

అయినా ఆ రోజుల్లో నాకు నిరాశ కలిగిందని చెబితే అబద్ధమవుతుంది. ప్రతి ఉదయం ఈ రోజే గీత వస్తుందని లేచేవాణ్ణి. కలలో కూడా ఆకుపచ్చని గీతలే. ప్రతి అతుకునూ విప్పి మళ్ళీ టంకం పెట్టాను. వాల్వుల కాళ్ళను చింతపండు పులుసుతో తోమాను. తేమ పోవాలని మూత లేని యంత్రాన్ని వాకిట్లో ఎండబెడితే, అవ్వ దాని పక్కనే మామిడి ఒరుగులు పరిచి, కాకులు రాకుండా రెండింటికీ కలిపి కాపలా కూర్చుంది. చివరికి దానిలో నా చేయి తగలని తీగ మిగలలేదు. గీత ఒక్కటే రాలేదు.

సెలవులు అయిపోయాయి. మరునాటి ఉదయం నేను బండి ఎక్కాలి. మధ్యాహ్నం మూడు గంటల వేళ, నా కబురు అందుకున్న పాత ఇనుము కొనే మనిషి కాంటాతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన అంబలి తాగి మీసం తుడుచుకొని, "జర జల్ది గానీ తమ్మీ. దీంట్ల రాగి మంచిగనే ఉంటది గద?" అన్నాడు.

యంత్రాన్ని కట్టడానికి తాడు కోసం లోపలికి వెళ్ళాను. తాడు గోడకున్న మేకుకు వేలాడుతున్నది. దాని పక్క మేకుకు అవ్వ చెప్పులు. తాడు లాగితే చెప్పులు కూడా కదిలాయి. ఒక చెప్పుకూ ఇంకొక చెప్పుకూ నడుమ సాలెగూడు ఉంది. అందులో ఒక సాలీడు తన పిల్లలతో స్థిరంగా కాపురం ఉంటున్నది.

నేను తాడు వదిలేసి ఆ చెప్పులనే చూస్తూ నిలబడ్డాను.

"అవ్వా!" అని కేక వేశాను. "నీ చెప్పులు ఎన్నడు తొడుక్కున్నవు?"

వాకిట్లో బియ్యం చెరుగుతున్న అవ్వ తల ఎత్తలేదు. "నువ్వు వచ్చినకాంచి తొడగలే."

"గడ్డపారకు నీళ్ళు పోస్తలేవా?"

"నువ్వే గదరా, గోడ దిక్కు సుక్క గూడ పడొద్దంటివి."

"దీపం ఎర్రగైతున్నదని చెప్పవేంది మరి?"

అవ్వ చేట కింద పెట్టింది. ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. "చదువుకున్నోనికి దీపం గురించి నేను చెప్పాల్నా బిడ్డా?"

నేను బిందె అందుకొని ఇంటి వెనక్కి పరుగెత్తాను. వెనుక నుంచి అవ్వ అరిచింది. "ఆగు! చెప్పులు! ఉత్తకాళ్ళతోని పోతవారా పిచ్చోడా!" సాలెగూడును కొంగుతో తుడిచి, చెప్పులు తొడుక్కొని, నా చేతిలోని బిందె లాక్కుంది. "ఇటియ్యి. ఇది నా పని. నువ్వు నీ పెట్టె కాడికి పో."

నేను లోపల, ఆమె బయట, నడుమ మట్టిగోడ. స్విచ్చి వేశాను. ఎప్పటిలాగే బల్బు ఎర్రబడింది. గోడ అవతల నీళ్ళు పడిన చప్పుడు. నెల రోజుల దాహంతో ఉన్న నేల సుయ్యిమని పీల్చుకున్న చప్పుడు. ముందు ఉప్పు కలిసిన మట్టివాసన వచ్చింది. బల్బు ఎరుపు తగ్గింది.

"ఇంకో బిందె అవ్వా!"

"బాయిల నీళ్ళు అడుగంటినయిరా," అంటూనే పోసింది. బల్బు పసుపెక్కింది. యంత్రం లోపల వాల్వులు ఒక్కొక్కటే నారింజ రంగులోకి తేరుకున్నాయి. వాటి మీది దుమ్ము కాలి, ఆ వాసన ఇల్లంతా నిండింది. ఎక్కడో సన్నని ఈల మొదలైంది. మూడవ బిందె పడింది. గుండ్రని గాజు మధ్యలో, ఎవరో లోపలి నుంచి ఊపిరి ఊదినట్టు, ఆకుపచ్చని మంచు.

తెర కింది మర ఒకటి పట్టుకున్నాను. మెల్లగా తిప్పాను. మంచు దగ్గరపడి చుక్క అయింది. ఇంకొక మర తిప్పాను. చుక్క సాగింది, సాగి తెరకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క గీత అయింది.

"వచ్చింది!" అని నేను అరిచిన అరుపుకు అరుగు మీది మనిషి కాంటా వదిలేసి లోపలికి వచ్చాడు.

"ఏది? గీ గీత కోసమేనా ఇన్నాళ్ళు?" అన్నాడతను.

నాయిన గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. "గీతే," అన్నాడు. "చూడు, ఎంత సక్కగున్నదో."

అవ్వ చెప్పులతోనే ఇంట్లోకి వచ్చేసింది. ఆమె అలా రావడం అదే మొదటిసారి. యంత్రం ముందున్న చిన్న మేకు మీద వేలు పెట్టమన్నాను. జంకుతూ పెట్టింది. గీత ఒక్కసారిగా లేచి అలలు అలలుగా తిరిగింది.

"ఓయమ్మో! నాలోపల పామున్నదా?"

"పాము కాదవ్వా. మన చుట్టు తీగలల్ల పోయే కరెంటు. నీ ఒంటి మీద గూడ జరంత వాలింది. గదే కనబడుతున్నది."

"నా ఒక్కదాని మీదనేనా?"

"అందరి మీద."

అయితే అందరూ చూసుకోవలసిందే. అమ్మ పెట్టింది, పెద్ద అల. ఇనుము కొనే మనిషి పెట్టాడు, ఇంకా పెద్ద అల. అతను నవ్వుతూ వేలు తీయలేదు. నాయిన పెట్టాడు. నాగలి పట్టి కాయలు కాసిన ఆయన వేలికి అల సరిగా లేవలేదు. ఆయన ముఖం చిన్నబోయింది. అవ్వ తటాలున బిందె అడుగున మిగిలిన నీళ్ళతో ఆయన వేలు తడిపి, "వీనికి గూడ నీళ్ళు పొయ్యాలె," అంది. అల లేచింది! ఆ ఇంట్లో అంత నవ్వు నేను మళ్ళీ వినలేదు. పాత ఇనుము కొనే మనిషి ఖాళీ కాంటా భుజాన వేసుకొని, "గిది అమ్మేది గాదు తమ్మీ," అంటూ వెళ్ళాడు.

నేను పొద్దు ఉండగానే గ్రాఫ్ కాగితం తీశాను. ఒట్టి గీత తీసుకుపోవడం నాకు చాలలేదు. నేల కాస్త ఆరనిచ్చి, అవ్వ చేత బిందె తరువాత బిందె పోయించి, ప్రతిసారీ మేకు మీద నా వేలు పెట్టి అల ఎన్ని గళ్ళు లేచిందో కొలిచి చుక్కలు పెట్టాను.

కాలేజీ తెరిచిన రోజున ఆ కాగితాన్ని లెక్చరర్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశారు.

"నిలువు గీత మీద అల ఎత్తు. బాగుంది. ఈ అడ్డగీత మీద ఒకటి, రెండు, మూడు అని వేశావు. ఏమిటివి?"

"బిందెలు సార్."

"ఏమిటి?"

"బిందెలు. నీళ్ళ బిందెలు."

నేను మొదటి నుంచి చివర దాకా చెప్పాను: గడ్డపార, చెప్పులు, గోడ, నా ఆజ్ఞ. ఆయన నవ్వుతారనుకున్నాను. ఆయన పెన్సిలు తీసుకొని నా చుక్కల మీద ఆనించారు. "అల ఎత్తు కొలిచిన యంత్రం కూడా అవే నీళ్ళు తాగి పనిచేసింది కదా? మరి దాని కొలత ఎంతవరకు నమ్ముతావు?"

ఒక ప్రశ్న ముందు నోరు తెరవలేక నిలబడి, అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి.

"యంత్రం నీది. జవాబు నిదానంగా చెప్పు," అని ఆయన సామాన్ల రిజిస్టర్‌లో ఒక పంక్తి కొట్టివేశారు. "లోపం ఎక్కడ దొరికిందో ఈ కాగితం కింద రాయి. అది లేకపోతే ప్రయోగం పూర్తి కాదు."

నేను రాశాను. మొదటి లోపం: వాల్వు పీట. రెండవ లోపం: నేను వద్దన్న నీళ్ళు.

తరువాత కొన్నేళ్ళకు మా వాడకు రెండవ తీగ కట్టారు. గడ్డపారను పీకితే సగం తుప్పు రాలిపోయింది. భూపాలపల్లి వైపు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, ఏ యంత్రం ఆగిందని పిలిచినా, నేను మూత విప్పే ముందు అక్కడ ఊడ్చేవాళ్ళనూ నీళ్ళు పెట్టేవాళ్ళనూ పిలిచి, ఈ మధ్య మిమ్మల్ని ఎవరైనా ఏ పనైనా మానమన్నారా అని అడిగేవాణ్ణి. కొత్త ఇంజనీర్లకు అది వింతగా ఉండేది. ఆసిలోస్కోప్ చాలా ఏళ్ళు పనిచేసి, తెర కాంతి తగ్గి, ఒక రోజు దానంతట అదే నిద్రపోయింది. దాన్ని నేను తూకానికి వేయలేదు.

అపార్ట్‌మెంట్ వెనుక వాచ్‌మన్ బకెట్ ఖాళీ చేసి నా వైపు చూశాడు. "చాలా సార్?" అని అడిగాడు.

నేను అతని కాళ్ళ వైపు చూశాను. ఉత్తకాళ్ళు, తడిసిన సిమెంటు మీద.

"ఇంకోటి పొయ్యి," అన్నాను. "చెప్పులు తొడుక్కొని పొయ్యి బిడ్డా."

చాలా ఏళ్ళుగా నగరపు భాషకు అలవాటు పడిన నా నోటి నుంచి ఆ మాట అవ్వ యాసలోనే వచ్చింది. అతను ఎందుకని అడగలేదు. వెళ్ళి చెప్పులు తెచ్చుకున్నాడు.